మూసిన గేటు, తెరిచిన దొడ్డిదారి

పోయిన జనవరిలో ఒకరోజు పొద్దున్నే వాట్సాప్‌లో వీడియో వచ్చింది. పంపింది నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్. సూళ్లూరుపేట వాడు, ఇప్పుడు డెన్వర్‌లో ఉద్యోగం. హెల్మెట్‌కి కెమెరా తగిలించుకుని స్కీయింగ్ చేస్తున్నాడు. తెల్లటి మంచు వాలు, దాని మీద వందలకొద్దీ చెట్లు, ఆ చెట్ల సందుల్లోంచి వీడు జారుకుంటూ పోతున్నాడు. ఎదురుగా ఒక మాను వస్తుంది, ఆఖరి క్షణంలో పక్కకి తిరుగుతాడు, వెంటనే ఇంకో మాను. ముప్పై సెకన్ల వీడియో చూసేసరికి నాకు అరచేతుల్లో చెమట పట్టింది.

"నీకేమన్నా పిచ్చా? ఖాళీగా ఉండే వాలు లేదా అక్కడ?" అని మెసేజ్ పెట్టా.

"ఖాళీ వాలులో జనం ఎక్కువ మామా. ఎవరూ తొక్కని మంచు చెట్లలోనే దొరికేది" అన్నాడు. వెనకాలే ఒక ఫొటో. రెండు చెట్ల మధ్య తాడు కట్టి ఉంది, దానికి ఎర్ర బోర్డు వేలాడుతోంది. "ఆ తాడు దాటితే మాత్రం పాస్ పీకేస్తారు. ఫైన్ కూడా. మనం దాటం."

వాడు "మనం దాటం" అనేసరికి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆరేళ్ల కిందట వాడూ నేనూ కలిసి దాటకూడనిది ఒకటి దాటాం. డెన్వర్‌లో కాదు, మా తడ పక్కనే.

మాది తడ. చెన్నై నుంచి వస్తుంటే ఆంధ్రాలో తగిలే మొదటి ఊళ్లలో ఒకటి. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క శ్రీసిటీ ఫ్యాక్టరీలు. నేను పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఆఫీసులో ఎవరికైనా ఊరి పేరు చెబితే చాలు, "ఓ, తడ ఫాల్సా!" అంటారు. నిజానికి తడలో జలపాతం లేదు. తడలో దిగి, పడమరగా వరదయ్యపాలెం మీదుగా పోతే కొండల్లో ఉంటుంది అది. దాని పేరు ఉబ్బలమడుగు. పెద్దవాళ్లు సిద్ధులయ్యకోన అంటారు. శివుడి గుడి ఉంది, శివరాత్రికి తిరునాళ్ల జరుగుతుంది. చెన్నై ఐటీ వాళ్లకి దగ్గర్లో దొరికే అడవి కాబట్టి వారాంతం వస్తే బైకులు, కార్లు అటే. దారిలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు జలపాతానికి తగిలించేసింది కూడా వాళ్లే. మేం కూడా అలవాటుపడిపోయాం.

ఆరోజు నవంబరు నెల. అయిదుగురం, మూడు బైకులు. తడలో కారం దోసెలు తిని, తొమ్మిదిన్నరకల్లా గేటు దగ్గరున్నాం. కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "పైన వాన పడతా ఉండాది. ఇయ్యాల లోపలికి లేదు. రేపో ఎల్లుండో రాండి."

మా నెత్తిన మాత్రం ఎండ కాస్తోంది. చెన్నై నుంచి ఎనభై కిలోమీటర్లు బండి తోలుకుని వచ్చినవాళ్లకి ఎల్లుండి రమ్మంటే ఎట్టా? వాదించలేదు. బండ్లు వెనక్కి తిప్పి కొంతదూరం వచ్చి, మామిడి తోపుల పక్కనుంచి లోపలికి పోయే కాలిబాట పట్టాం. ఆ బాట ఒక యూట్యూబ్ వీడియోలో చూపించారు. దానికి తోడు "నేను తడవాణ్ణి, నాకు తెలుసు" అని ముందు నడిచింది నేనే. తడవాణ్ణే గానీ అంతకుముందు ఆ కోనకి పోయింది రెండేసార్లు, అదీ చిన్నప్పుడు, మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని.

గేటు వైపు నుంచి పోతే రాళ్ల మీద బాణం గుర్తులు కనపడతాయి. మేం పక్కనుంచి దూరాం కదా, ఏటిలోకి దిగాకే గుర్తులు దొరికాయి. మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. మడుగుల్లో దిగాం, సెల్ఫీలు దిగాం. రెండు దాటాక నీళ్ల రంగు మారింది. గాజులా ఉన్న నీళ్లు టీ రంగుకి వచ్చాయి, ఆ వెనక ఎండుటాకులు, పుల్లలు గుంపులు గుంపులుగా కొట్టుకొచ్చాయి. మా మీద చినుకు కూడా లేదు. కాపలా ఆయన చెప్పిన వాన అది. ఎక్కడో పైన పడి ఇప్పుడు మా దాకా వచ్చింది.

ఏటి గట్టెక్కి చెట్లలోకి దూరాం. అక్కడ బాట లేదు, బాణం లేదు. ఈత పొదలు, వెదురు, మోకాలి లోతు ఎండుటాకులు. ఆకుల కింద నేల ఉందనుకుని కాలు పెడితే రెండు బండల మధ్య సందు. ఆ సందులో పడింది ఇప్పుడు డెన్వర్‌లో ఉన్నవాడే. చీలమండ విరిగిన శబ్దం నేను నాలుగు అడుగుల దూరంలో విన్నా.

ఇక్కడిదాకా ఇలాంటి కథలు మీరు చాలా వినే ఉంటారు. నేను ఇది రాయడానికి కారణం ఆ తర్వాతి రెండు గంటలు.

కాస్త పైకెక్కితే ఒక బండ మీద సిగ్నల్ ఒక గీత వస్తోంది. ఫోన్ చెయ్యొచ్చు. 108 ఉంది, 100 ఉంది, గేటు దగ్గర మనిషి ఉన్నాడు. మేం చెయ్యలేదు. కూర్చుని చర్చ పెట్టుకున్నాం. "పర్మిషన్ లేకుండా వచ్చాం, కేసు పెడతారు." "కేసు పడితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో కనపడుద్ది." "కంపెనీ మారేటప్పుడు ఏం చెప్తాం?" ఒకడు గూగుల్ చెయ్యబోయాడు, పేజీ తెరుచుకోలేదు. ఆ భయం ఉత్తదేం కాదు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. కాలు విరిగినవాడు నొప్పికి పళ్లు బిగించి, "వద్దులే, ఎట్టోకట్ట మోసుకుపోండి" అంటున్నాడు. వాణ్ణి మోస్తూ రెండు గంటల్లో మేం వచ్చింది ఓ మూడొందల మీటర్లు. నవంబరులో అడవిలో అయిదున్నరకే చీకటి.

మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మా ఫోన్ల వెలుతురు చూసి వచ్చాడు. వచ్చీరాగానే ఆయన అడిగింది పేర్లు కాదు, ఎక్కడివాళ్లనీ కాదు. "ఎంతమంది లోపలికి పోయినారు? ఎంతమంది ఉండారు ఇప్పుడు?"

అయిదుగురం పోయాం, అయిదుగురం ఉన్నాం. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఊళ్లోంచి ముగ్గుర్ని పిలిపించి, దుప్పటికి రెండు వెదురు కర్రలు కట్టి మోయించుకొచ్చాడు. వాడి కాల్లో ఇప్పటికీ స్టీలు ప్లేటుంది. ఆ కాలితోనే చెట్ల మధ్య స్కీయింగ్ చేస్తున్నాడు, ఏం చెప్తాం!

కేసయితే ఎవరూ పెట్టలేదు. కానీ ఆ పెద్దాయన ప్రశ్నకి జవాబు మా అయిదుగురికి తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదన్న సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. దొడ్డిదారిన పోయాం కాబట్టి ఏ పుస్తకంలోనూ మా పేర్లు లేవు. ఏరు మా అయిదుగురినీ లాక్కుపోయి ఉంటే, తోపు దగ్గర మూడు బైకులు ఎవరివని అడగడానికే రెండ్రోజులు పట్టేది.

చెట్టు చుట్టూ బావి

డెన్వర్ వాడి వీడియో చూశాక నాకు అనుమానమొచ్చింది. చెట్ల మధ్య స్కీయింగ్‌కి అసలు ఎందుకు ఒప్పుకుంటారు? గుద్దుకుంటే పోతారు కదా?

గుద్దుకోవడం ఒక్కటే కాదట ప్రమాదం. బాగా మంచు పడినప్పుడు దేవదారు, ఫర్ లాంటి చెట్ల కొమ్మలు గొడుగులా మంచుని ఆపేస్తాయి. దాంతో మొదలు చుట్టూ మంచు గట్టిపడదు, గుల్లగా ఉండిపోతుంది. పైకి అంతా చదునుగానే కనపడుతుంది. దీన్ని ట్రీ వెల్ అంటారు, అంటే చెట్టు బావి. అందులో పడేవాళ్లు చాలాసార్లు తలకిందులుగా పడతారు. కాళ్లకి స్కీలుంటాయి, తిరగలేరు. కదిలేకొద్దీ పైనుంచి పొడిమంచు రాలి ముక్కు, నోరు మూసేస్తుంది. సాయం చేసే మనిషి పక్కన లేకపోతే నిమిషాల్లో ఊపిరాగిపోతుంది. అరిచినా వినపడదు. అందుకే అక్కడ మొదటి సూత్రం: చెట్లలోకి ఒంటరిగా పోకు, తోడున్న మనిషి కనుచూపు దాటనియ్యకు.

ఇది చదువుతుంటే నాకు మా మడుగులే గుర్తొచ్చాయి. పైకి చదునైన నీళ్లు, అడుగున పాచి పట్టిన బండ, లోతు తెలియదు. మునిగేవాడు సినిమాల్లోలాగా కేకలు పెట్టడు, చప్పుడు లేకుండా పోతాడు.

అయినా అమెరికాలో, కెనడాలో స్కీ ఏరియాలు తమ హద్దుల్లో ఉన్న చాలా చెట్లని మూసెయ్యలేదు. కొలరాడోలో 1979లోనే స్కీ సేఫ్టీ చట్టం తెచ్చారు. చెట్టుకి గుద్దుకోవడం ఆ ఆటలోనే ఉన్న ప్రమాదం, ఆ పూచీ ఆడేవాడిది అంటుంది ఆ చట్టం. అలాగని ఏరియా వాళ్లకి బాధ్యత లేదని కాదు, మూసిన చోట మూసినట్టు బోర్డు పెట్టాలి. పెట్టాక దాటినవాడిది తప్పు. వినడానికి కాస్త మొరటుగా ఉంది గానీ, ఎవరి బాధ్యత ఎక్కడిదాకానో గీత గీసినట్టు తెలుస్తుంది.

నాకు దీనికంటే నచ్చింది జపాన్ కథ. హొక్కైడో దీవిలో నిసెకో అని ఉంది, పొడిమంచుకి ప్రపంచమంతా పేరు. జపాన్ స్కీ ఏరియాల్లో చాలాచోట్ల పాత పద్ధతి ఏంటంటే, చదును చేసిన వాలు దాటి చెట్లలోకి పోవడం నిషేధం. తాడు కడతారు, అంతే. నిసెకోలోనూ అలాగే కట్టారు. జనం తాడు కింద నుంచి దూరారు. మంచు చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అప్పుడు అక్కడి స్థానికులు, ఏరియా వాళ్లు కూర్చుని ఆలోచించి తాళ్ల మధ్య గేట్లు పెట్టారు. చరియల ప్రమాదం ఎలా ఉందో రోజూ పొద్దున్నే చెబుతారు. బాగుంటే గేటు తెరుస్తారు, పోయేవాడు తన బాధ్యతతో పోతాడు. బాగోలేకపోతే గేటు మూస్తారు. తాడు కింద దూరితే పాస్ లాగేసుకుంటారు. ఎప్పటికీ తెరవని చోట్లు కూడా కొన్ని పెట్టుకున్నారు. వీటికి నిసెకో రూల్స్ అనే పేరు.

నేను దీన్ని నా వృత్తి భాషలో అర్థం చేసుకున్నా. ఆఫీసులో అవసరమైన వెబ్‌సైట్ బ్లాక్ చేస్తే ఏమవుతుంది? ప్రతివాడూ మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తాడు. ఇప్పుడు ఎవడు ఏం చూస్తున్నాడో సెక్యూరిటీ టీమ్‌కి ఒక్క లాగ్ కూడా ఉండదు. మూసేశాం అని తృప్తి మాత్రం ఉంటుంది. ఎప్పుడూ మూసి ఉండే గేటు మీద జనానికి గౌరవం పోతుంది. రోజూ తెరుచుకునే గేటు ఒకరోజు మూసి ఉంటే, ఏదో కారణం ఉందని ఆగుతారు. అందరూ ఆగరు. మేం ఆగలేదు, ఒప్పుకుంటున్నా. ఆరోజు మూసినాయన చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే "ఇంతకుముందు మూసిన వీడియోలు చూశాం, పక్కనుంచి పోయినోళ్లకి ఏం కాలేదు" అన్నది మా లాజిక్.

కురంగణి తర్వాత

నిషేధమా, అనుమతా అన్న ప్రశ్న మన దక్షిణాదిలో బాగా గట్టిగా లేచింది 2018లో. ఆ ఏడాది మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి పోయినవాళ్లని కార్చిచ్చు చుట్టేసింది. మొత్తం 23 మంది చనిపోయారు. వాళ్లలో చెన్నై ఐటీ ఉద్యోగులు ఉన్నారు. మా పీజీలో ఉండే సీనియర్లు ఆ వారమంతా ఫోన్లు చేసుకుంటూనే ఉన్నారని తర్వాత చెప్పారు. వాళ్లు నడిచిన దారికి అనుమతి లేదని అధికారులు ప్రకటించారు. అంటే ఆ కొండ మీద ఎవరున్నారో, ఎటు దిగుతున్నారో కింద ఉన్నవాళ్లకి సరిగ్గా తెలియని పరిస్థితి.

వెంటనే ట్రెక్కింగ్ ఆపేశారు. అది సహజం. కానీ తమిళనాడు అక్కడ ఆగిపోలేదు. అదే ఏడాది ట్రెక్కింగ్ నియమాలు తెచ్చింది. 2024 అక్టోబరులో 'ట్రెక్ తమిళనాడు' పేరుతో 40 దారులు తెరిచింది. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, దారి ఎంత కష్టమో ముందే చెబుతారు, ఆ అడవి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, గిరిజన యువకులు శిక్షణ పొంది గైడ్లుగా వస్తారు. మంటలు లేచే కాలంలో, ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా, అన్నీ మూసేస్తారు. ధర ఎక్కువని ట్రెక్కర్లు గొణుగుతారు. నిజమే, స్టూడెంట్లకి భారమే. అయినా 23 ప్రాణాలు పోయిన రాష్ట్రం తలుపుకి శాశ్వతంగా తాళం వెయ్యకుండా ఇంత పని చేసిందంటే నాకు గౌరవమే.

మనకి మాత్రం కొత్తా ఇది? తిరుమలలో తుంబురు తీర్థ ముక్కోటి ఎవరికి తెలియదు! శేషాచలం అడవిలోకి మామూలు రోజుల్లో ఇష్టమొచ్చినట్టు పోనివ్వరు. ఫాల్గుణ పౌర్ణమికి మాత్రం దారి తెరుస్తారు, రాళ్లమీద, నీళ్లలో, చెట్ల మధ్య జనం బారులు తీరి నడుస్తారు. టీటీడీ వాళ్లు తిండి, మంచినీళ్లు ఏర్పాటు చేస్తారు, డాక్టర్లని పెడతారు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు రావద్దని ముందే చెబుతారు. నిసెకో రూల్స్‌లో ఉన్నదీ ఇదే కదా: తెరిచే రోజు, మూసే రోజు, దారి, దారిలో మనిషి. మన తలకాయల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. భక్తికి చేసిన ఏర్పాటు వారాంతపు సరదాకి ఎందుకు చెయ్యాలి అంటే నా దగ్గర గొప్ప జవాబు లేదు. కాకపోతే సరదాకి వచ్చేవాడి కాలు కూడా అలాగే విరుగుతుంది.

మా అమ్మ దగ్గర ఈ వాదన తేలిపోయింది. "అడివి మీ కోసమా ఉండేది?" అంది ఒక్క ముక్కలో. ఆలోచించాల్సిన మాటే. చెట్ల మధ్యలోకి మనిషి పోయిన ప్రతిసారీ అక్కడున్న జీవాలు చెదురుతాయి. స్విట్జర్లాండ్‌లో చలికాలం అడవి జంతువులు విశ్రాంతి తీసుకునే చోట్లని గుర్తించి, అక్కడికి స్కీయర్లు పోతే జరిమానా వేస్తారు. మంచులో ఒక పక్షిని అనవసరంగా లేపితే దాని ఒంట్లో శక్తి ఖర్చయిపోతుంది, ఆ చలికాలం గట్టెక్కడమే కష్టమవుతుంది. మా కోన సంగతి చూస్తే పక్షుల దాకా ఎందుకు, మడుగుల పక్కన పగిలిన బీరు సీసాలు చాలు. ఆరోజు మా బ్యాగులో కూడా చిప్స్ ప్యాకెట్లు ఉన్నాయి, వాడి కాలు విరిగాక వాటి గురించి ఎవరం ఆలోచించలేదు. ఇప్పటికీ అక్కడే ఉండుంటాయి.

కాబట్టి అడవంతా తెరవమని నేను అడగట్లేదు. ఉబ్బలమడుగులో ఒక దారి, ఆ దారికి గుర్తులు, రోజుకి ఇంతమందే అన్న లెక్క, లోపలికి పోయినవాళ్లు సాయంత్రం బయటికి వచ్చారా లేదా అని చూసే పద్ధతి, గుంపుకి ఒక స్థానిక గైడు. ఆ గైడు డబ్బులు ఆ మేకల పెద్దాయన ఊరికి చేరితే ఇంకా మంచిది. ఏటిలో నీళ్లు ఎప్పుడు రంగు మారతాయో ఆయనకి తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలియదు. మారేడుమిల్లిలో, తలకోనలో వన సంరక్షణ సమితుల వాళ్లు పర్యాటకం నడుపుతున్నారు, కాబట్టి మన రాష్ట్రానికి చేతకాని పనేం కాదు. ఈశాన్య రుతుపవనాలు గట్టిగా ఉన్న రోజుల్లో మాత్రం మూసెయ్యాలి. చిక్కేంటంటే, జనానికి నీళ్లు కావాల్సిందీ ఆ రోజుల్లోనే. అందుకే ఊరికే 'నేడు ప్రవేశం లేదు' అని కాకుండా, పైన ఎంత వాన పడింది, నీళ్లు కిందికి రావడానికి ఎంతసేపు పడుతుంది అని బోర్డు మీద రాస్తే మాలాంటి మొండివాళ్లలో సగమైనా తగ్గుతారు.

అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతా. తప్పుదారిన పోయినవాడు కూడా భయపడకుండా ఫోన్ చెయ్యగలగాలి. జరిమానా వెయ్యండి, తర్వాత. ముందు మనిషిని బయటికి తియ్యండి. ఆ మాట బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద ఒక నంబరు ఇవ్వండి. ఆరోజు అలాంటి బోర్డు ఒకటి చూసి ఉంటే మేం బండ మీద కూర్చుని బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

డెన్వర్ వాడు డిసెంబరులో సెలవుకి వస్తున్నాడు. ఉబ్బలమడుగు మళ్లీ పోదామంటున్నాడు, ఈసారి గేటులోంచే. నేను వానల సంగతి చూసి చెప్తానన్నా. గేటు మూసుంటే మాత్రం వెనక్కి తిరిగి భీమునివారిపాలెం పోయి, పడవెక్కి పులికాట్‌లో తిరిగొద్దామని ముందే షరతు పెట్టా.

కాసేపటికి రిప్లై వచ్చింది. "పడవలో లైఫ్ జాకెట్ ఇస్తారా మామా?"